పైరుకూ ఉంది సొంత సస్యరక్షణ

పత్తి చేలోకి వెళ్లినప్పుడు ఈసారి ఒక ముదురాకు తిప్పి అడుగు భాగం చూడండి. నడి ఈనె మీద, తొడిమకు కాస్త పైన, ఆవగింజ కంటే చిన్న గుంట ఒకటి కనిపిస్తుంది. పొద్దున పూట వేలితో తాకితే జిగురుగా తగులుతుంది. అది తెగులు కాదు. పేనుబంక విసర్జించిన బంకా కాదు. పత్తి మొక్క తనంతట తాను ఊరించే తేనె. గూడను చుట్టి ఉండే మూడు పచ్చ రేకుల అడుగున కూడా ఇలాంటి గుంటలే ఉంటాయి. పువ్వులో తేనె అంటే తేనెటీగ కోసం అనుకోవచ్చు. మరి ఆకు కింద తేనె ఎవరి కోసం?

చీమల కోసం, సన్న కందిరీగల కోసం. చీమకుర్తికి ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దలే చెప్పాలి గానీ, పత్తికీ చీమకూ ఉన్న పొత్తు మాత్రం ఏ ఊరి పేరు కంటే కూడా పాతదే.

తేనె కోసం చెట్టెక్కిన చీమ ఊరికే దిగదు. దారిలో కనబడిన శనగపచ్చ పురుగు గుడ్డునో, అప్పుడే బయటికొచ్చిన పిల్ల పురుగునో నోట కరుచుకుని పోతుంది. అంటే మొక్క కూలి ఇచ్చి కాపలా పెట్టుకున్నట్టు. అయితే ఈ కాపలాదారును పూర్తిగా నమ్మడానికి లేదు. పేనుబంక కూడా తీపి బంక విసర్జిస్తుంది కదా. దానికి మరిగిన చీమ పేనుబంకకే కాపలా కాస్తుంది, దాన్ని తినడానికి వచ్చిన అక్షింతల పురుగును తరిమేస్తుంది. కాబట్టి ఆకు మీద చీమల బారు కనబడితే మందు డబ్బా వెతుక్కోకుండా, అవి దేనికోసం వచ్చాయో ఆకు తిప్పి చూసుకోండి. ఆముదం తొడిమల మీద, అలసంద కాడల మీద కూడా ఇలాంటి తేనె గుంటలు ఉన్నాయి. గట్ల మీద ఈ రెండూ వేయమని శాస్త్రవేత్తలు చెప్పేదాంట్లో ఇదొక లాభం.

మనం సస్యరక్షణ అనగానే కొట్టులో దొరికే సీసాలే గుర్తుకొస్తాయి. కానీ చేలోని ప్రతి మొక్కకూ తనదైన సస్యరక్షణ ఉంది. పారిపోవడానికి కాళ్లు లేవు, కొట్టడానికి చేతులు లేవు. నిలబడిన చోటే లక్షల ఏళ్లుగా పురుగుతో పోరాడుతోంది. ఆ పోరాటం ఎలా సాగుతోందో తెలిస్తే మనం కొట్టే మందులో ఎంత భాగం పనికొస్తోంది, ఎంత భాగం పురుగుకే మేలు చేస్తోంది అనేది తెలుస్తుంది. ఎకరా రెండెకరాలు కౌలుకు చేసే రైతుకు రెండు దఫాల మందు ఖర్చు మిగలడం చిన్న సంగతి కాదు.

నూగు, నల్ల చుక్కలు, పులుపు

ముందు కంటికి కనిపించే వాటితో మొదలుపెడదాం. పచ్చదోమ తన గుడ్లను ఆకు ఈనెల్లోకి గుచ్చి పెడుతుంది. ఈనెల మీద పొడవాటి నూగు దట్టంగా ఉంటే దానికి ఆ పని కుదరదు. దక్షిణాఫ్రికాలో 1920లలో పచ్చదోమ వల్ల పత్తి సాగే ఆగిపోయే పరిస్థితి వస్తే, పార్నెల్ అనే శాస్త్రవేత్త బార్బర్టన్ కేంద్రంలో నూగు ఎక్కువున్న చెట్లను ఏరి యు-4 అనే రకాన్ని తయారుచేశారు. ఆ రకంతో సాగు నిలబడింది. అయితే నూగు ఉన్న ఆకు తెల్లదోమకు మాత్రం ఇష్టం. ఒకదానికి తలుపు మూస్తే ఇంకొకదానికి తలుపు తెరిచినట్టయింది. మన లాం ఫారం నుంచి వచ్చిన కాంచన (ఎల్.పి.ఎస్. 141) తెల్లదోమను తట్టుకునే రకంగా పేరు తెచ్చుకుంది. అన్ని పురుగులనూ ఒక్కటే తట్టుకునే రకం అంటూ ఎవరైనా అమ్మజూపితే అనుమానించాల్సిందే.

ఇక పత్తి ఆకునూ, పచ్చికాయనూ వెలుతురుకు పెట్టి చూస్తే నల్లని చుక్కలు కనబడతాయి. అవి గాసిపాల్ అనే విషం నింపిన తిత్తులు. ఈ విషం గింజలోనూ ఉంటుంది. పత్తి చెక్క గేదెకు పెడతాం గానీ చిన్న దూడకూ, కోళ్లకూ పెట్టకూడదనేది ఇందుకే. నెమరు వేసే పెద్ద పశువు పొట్టలో ఆ విషం చాలావరకు విరిగిపోతుంది.

ఈ చుక్కలు లేకపోతే ఏమవుతుంది? అమెరికాలో 1950లు, 60లలో ఆ పని చేసి చూశారు. గింజను మనుషులూ తినొచ్చు కదా అని చుక్కలు లేని పత్తిని తయారుచేశారు. చేలో వేశాక, అంతకుముందు పత్తి మొహం చూడని పురుగులు కూడా వచ్చి పడ్డాయి. ఎలుకలు సైతం కాయల్ని వదల్లేదు. ఆ పత్తి రైతుల చేలకు ఎక్కలేదు. చివరికి 2006లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో మన దేశం నుంచి వెళ్లిన కీర్తి రాథోర్ బృందం, గింజలో మాత్రమే గాసిపాల్ తగ్గించి ఆకులో, కాయ పెచ్చులో అలాగే ఉంచే పద్ధతి కనిపెట్టింది. 2018లో అక్కడి ప్రభుత్వం దాని సాగుకు అడ్డు తొలగించింది. మొక్క ఆయుధం లాక్కుంటే చేను నిలవదని తెలుసుకోవడానికి అంత కాలం పట్టింది.

శనగ చేను సంగతి మీకు తెలిసిందే. తెల్లవారుజామున మంచు ఆరకముందు చేలో నడిస్తే కాళ్లు చురచురలాడతాయి. పూర్వం రాత్రిపూట చేను మీద పల్చటి గుడ్డ పరిచి, పొద్దున పిండి ఆ పులుపును మందుగా వాడేవాళ్లు. ఆకుల మీది నూగు నుంచి ఊరే ఆమ్లాలవి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1990లలో పరీక్షిస్తే, వాటిలో ఆక్జాలిక్ ఆమ్లం ఎక్కువున్న రకాల మీద శనగపచ్చ పురుగు సరిగా ఎదగడం లేదని తేలింది. పెద్ద వాన కురిస్తే ఆ పులుపంతా కడుక్కుపోతుంది. అప్పుడు నాలుగు రోజులు చేనును కనిపెట్టి ఉండాలి.

మిరపకు కారం ఎందుకు?

గుంటూరు మిర్చి యార్డులో కారానికి రేటు కడతాం గానీ, మిరపకు కారం మన కోసం రాలేదు. మిరప పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడ బొలీవియా అడవుల్లోని మిరప మీద అమెరికా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేసి 2008లో ఒక సంగతి బయటపెట్టారు. రసం పీల్చే నల్లుల జాతి పురుగులు కాయకు సూది లాంటి నోరు గుచ్చుతాయి. ఆ రంధ్రం గుండా ఫ్యుజేరియం బూజు లోపలికి పోయి గింజను కుళ్లబెడుతుంది. కారం ఉన్న కాయల్లో ఆ బూజు అంతగా పెరగదు. పురుగు పోట్లు ఎక్కువున్న చోట కారపు చెట్లు ఎక్కువ, పోట్లు తక్కువున్న చోట చప్ప చెట్లూ కలిసి ఉన్నాయి. కారమంతా గింజలు అంటుకుని ఉండే తెల్లని పొరలో పుట్టడంలో అర్థం అదీ. రామచిలకకు ఈ కారం తెలియదు. అది కాయ తిని గింజను దూరంగా వేసి వస్తుంది, మొక్కకు కావలసిందీ అదే.

కానీ ఇక్కడే మన మిరప రైతుకు చిక్కు. కారం అనే ఆయుధం కాయలో ఉంది. లేత చిగురుకూ, పూతకూ ఆ కాపలా లేదు. తామర పురుగులు చిగురు గీకి రసం పీల్చితే పై ముడత, తెల్లనల్లి చేరితే కింద ముడత వస్తున్నాయి. 2021-22లో గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఖమ్మం, వరంగల్ దాకా తోటలను ఎండగట్టిన నల్ల తామర పురుగు నేరుగా పూతలోనే చేరింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఎంత ఘాటు మిరపైనా పూతలో చేరిన ఈ పురుగుకు అడ్డు చెప్పలేకపోయింది.

కొరికితే మేల్కొంటుంది

ఇప్పటిదాకా చెప్పినవి ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఆయుధాలు. పురుగు కొరికాక తయారయ్యేవి వేరే ఉన్నాయి. ఒంగోలు, కొండపి వైపు పొగాకు రైతుకు దీన్ని కొత్తగా చెప్పనక్కర్లేదు. పూత రాగానే తల తుంచితే ఆకు ఘాటెక్కుతుంది. ఎందుకు? నికోటిన్ పుట్టేది ఆకులో కాదు, వేళ్లలో. పొగాకు వేరు మీద టమాటా కొమ్మను అంటుకడితే టమాటా ఆకులోకి కూడా నికోటిన్ ఎక్కుతుందని 1940లలోనే చూపించారు. తల తెగితే, లేదా పురుగు ఆకు తింటే, ఆ కబురు వేరుకు చేరి నికోటిన్ తయారీ పెరుగుతుంది. మీరు తుంచిన తలను కూడా మొక్క ఒక దెబ్బగానే లెక్కవేసుకుంటుంది.

టమాటా, బంగాళాదుంప ఆకులను పెంకు పురుగు కొరికితే, కొరకని ఆకుల్లో కూడా పురుగుకు అరుగుదల చెడగొట్టే పదార్థాలు పుడతాయని 1972లో అమెరికాలో కనిపెట్టారు. ఆ ఆకు తిన్న పురుగు చావకపోవచ్చు. కడుపు నిండినా ఒంటికి పట్టదు. ఈ కబురు మోసే పదార్థం పేరు జాస్మోనిక్ ఆమ్లం. జాజి జాతి పూల నూనెలో మొదట దాని రూపం దొరికింది కాబట్టి ఆ పేరు. మనం సువాసన అనుకునేది మొక్కల భాషలో పురుగొచ్చిందనే కేకన్నమాట.

ఆ కేక పక్కవాళ్లకూ వినబడుతుంది. శనగపచ్చ పురుగు జాతివి, లద్దె పురుగు జాతివి పత్తి ఆకును కొరికితే కొన్ని గంటల్లోనే మొక్క కొత్త వాసనలు వదలడం మొదలుపెడుతుంది. ఆ వాసన పట్టుకుని సన్న కందిరీగలు వస్తాయి. మన శాస్త్రవేత్తలు బదనికలు అనేది వీటినే. ఇవి పురుగు ఒంట్లో గుడ్డు పెడతాయి, పిల్లలు దాన్ని లోపలి నుంచి తినేస్తాయి. చేలో చచ్చిన పురుగు పక్కన బియ్యపు గింజలాంటి తెల్లని గూడు కనబడితే అది వీటి పనే. కత్తెరతో కోసిన ఆకు ఇంతటి పిలుపు ఇవ్వదు. లద్దె పురుగు జాతి ఉమ్మిలో ఒక పదార్థం ఉందని, మొక్క దాన్ని గుర్తుపడుతుందని 1997లో మొక్కజొన్న మీద తేల్చారు. మరుసటి ఏడాది ఇంకో వింత బయటపడింది. పొగాకు, పత్తి మొక్కల మీద అన్నదమ్ముల్లాంటి రెండు రకాల కాయతొలుచు పురుగులను వదిలితే, మొక్క ఒక్కోదానికి ఒక్కో రకం వాసన వదిలింది. వాటిలో ఒక్క రకం మీదే బతికే కందిరీగ, తన పురుగు తిన్న మొక్కనే వెతుక్కుంటూ వెళ్లింది. పురుగులనూ, కొరికిన ఆకులనూ తీసేశాక కూడా అటే పోయింది.

మరి అంత పిలుపు వేసి పిలిచిన కందిరీగ వచ్చే సమయానికి చేలో మనం మందు కొట్టి ఉంటే?

పురుగు ఊరుకుంటుందా

ఊరుకోదు. శనగపచ్చ పురుగుకు దగ్గరి చుట్టమైన అమెరికా పురుగు పొగాకు ఆకు కొరికేటప్పుడు ఉమ్మితో పాటు ఒక పదార్థం పూస్తుంది. దాంతో మొక్క నికోటిన్ పెంచుకోలేకపోతుందని 2002లో చూపించారు. దొంగ ఇంట్లోకి వస్తూనే కుక్క నోరు కట్టేసినట్టు.

అంతకంటే మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. గాసిపాల్ తిని బతికే పురుగు ఆ విషాన్ని విరగ్గొట్టే ఎంజైములను కడుపులో పెంచుకుంటుంది. చైనా శాస్త్రవేత్తలు 2012లో ప్రకటించిన పరీక్షల్లో, ముందుగా గాసిపాల్ తిన్న పురుగులు డెల్టామెత్రిన్ మందును మామూలు పురుగుల కంటే బాగా తట్టుకున్నాయి. గాసిపాల్ కోసం పెంచుకున్న ఎంజైములే డెల్టామెత్రిన్‌ను కూడా విరగ్గొట్టాయి. అంటే పత్తి చేలో పురుగు మన మందు తగలకముందే పత్తి మొక్క దగ్గరే సాధన చేసి ఉంది.

ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. మన సీసాల్లో ఉన్నవి చాలావరకు మొక్కల దగ్గర అప్పు తెచ్చుకున్నవే. చామంతి జాతి పూలలోని పైరిత్రమ్‌ను చూసి సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ లాంటి పైరిత్రాయిడ్లు చేశారు. ఇమిడాక్లోప్రిడ్ దెబ్బకొట్టేది నికోటిన్ దెబ్బకొట్టే నరాల చోటే. ఇలాంటి విషాలతో పురుగుకు పరిచయం పాతదే.

దీనికి మన జిల్లాలు చెల్లించిన మూల్యం పెద్దలకు గుర్తుంది. 1980ల మొదట్లో పైరిత్రాయిడ్లు వచ్చాయి. మొదట్లో పురుగు రాలినట్టే రాలింది. 1984-85లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలను తెల్లదోమ కమ్మేసింది. దాన్ని అదుపులో ఉంచే మిత్ర పురుగులు మందుకు పోవడం అందుకు ఒక ముఖ్య కారణం. 1987-88లో శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. ఇరవై దఫాలు కొట్టిన వాళ్లకు కూడా చేను దక్కలేదు. అప్పులు తీర్చలేక కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సీజనులో మన ప్రాంతపు పురుగులను పట్టుకుని పరీక్షిస్తే అవి పైరిత్రాయిడ్లను బాగా తట్టుకుంటున్నట్టు తేలింది. అప్పుడు చాలామంది కల్తీ మందు అనుకున్నారు. కల్తీ కూడా ఉండి ఉంటుంది. కానీ అసలు మందు కొట్టినా పురుగు చావని రోజులవి.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలోని ఒక బాక్టీరియా విషాన్ని పత్తి చెట్టే తయారుచేసుకునేలా చేశారు. అంటే మొక్క సొంత ఆయుధాల్లోకి మనం ఒకటి చేర్చాం. శనగపచ్చ పురుగు తగ్గింది, మందు ఖర్చూ తగ్గింది. కాదనలేం. కానీ పత్తి మీద తప్ప పెద్దగా బతకని గులాబీ రంగు పురుగు 2009 నాటికి గుజరాత్‌లో మొదటి తరం బీటీని తట్టుకుంది. 2006లో వచ్చిన బీజీ-2 కూడా 2014-15 తర్వాత దాని ముందు పట్టు కోల్పోయింది. 450 గ్రాముల బీటీ సంచితో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజల పొట్లం ఇచ్చేవారు, గుర్తుందా? చేను చుట్టూ వేయమని. చాలామంది పారేశారు, ఇంకొందరు గుంటలు పూడ్చడానికి వాడారు. బీటీ లేని ఆ చెట్ల మీద పెరిగిన మెతక పురుగులు, బీటీని తట్టుకున్న మొండి పురుగులతో జతకట్టి మొండితనం పలచబడాలనేది దాని ఉద్దేశం. ఆ మాట పొట్లం అమ్మినప్పుడు విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ.

మనం చేయగలిగింది

ముందు యూరియా సంగతి. చేను నల్లగా నిగనిగలాడాలని సిఫారసు దాటి వేస్తే ఆకు మెత్తబడుతుంది, లోపల రసం చిక్కబడుతుంది. పచ్చదోమ, పేనుబంకలకు విందు. మొక్క ఎదుగుదల మీద పడి రక్షణ సంగతి వదిలేస్తుంది. సిఫారసు చేసిన మోతాదునే మూడు నాలుగు దఫాలుగా, పొటాష్‌తో కలిపి వేసుకోవడం మంచిది.

రెండోది, తొందరపడి మొదటి మందు కొట్టకండి. అసలు కీలకం ఇదే. విత్తన సంచి మీద విత్తనశుద్ధి చేశారని ఉంటే మొదటి మూడు వారాలు రసం పీల్చే పురుగులకు సాధారణంగా వేరే మందు అక్కర్లేదు. ఆ తర్వాత కూడా చేలో అటూ ఇటూ నడిచి ఎకరాకు ఇరవై చెట్లు, చెట్టుకు పైన, మధ్యన, కింద మూడు ఆకులు తిప్పి లెక్కపెట్టండి. ఆకుకు పచ్చదోమ 2, తామర పురుగులు 10, తెల్లదోమ 6 దాటితేనే మందు ఆలోచన చేయాలి. అదే లెక్కలో అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. గూడ రాలిందని హడావిడి వద్దు. పత్తి చెట్టు మొయ్యగలిగినంతే ఉంచుకుని సగానికి పైగా గూడ, పిందెను తానే రాల్చుకుంటుంది. రాలిన గూడకు రంధ్రం ఉందా లేదా చూసుకుంటే అసలు సంగతి తేలిపోతుంది. "ఏం మందు కొట్టమంటావు?" అని కొట్టులో అడగడానికి ముందు రైతు సేవా కేంద్రంలో గానీ, దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ రంధ్రం పడ్డ గూడను చూపించి అడగండి.

మూడోది, మొక్క పద్ధతినే మనమూ వాడుకోవడం. వేప చెట్టు అందుకు మంచి గురువు. 1959లో సూడాన్‌లో మిడతల దండు దిగి పచ్చనిదంతా మేసినా వేపాకు ముట్టలేదు. 5 కిలోల వేపగింజల పప్పు పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, 100 గ్రాముల సబ్బు పొడి చేర్చి 100 లీటర్లు చేసుకుని సాయంత్రం పూట కొట్టాలి. ఎండలో దాని బలం పోతుంది. ఇది గుడ్ల దశలో, పిల్ల పురుగుల మీదే పనిచేస్తుంది. కాయలోకి దూరిన పెద్ద పురుగు మీద కొట్టి పనిచేయలేదంటే వేప తప్పు కాదు. లద్దె పురుగుకు ఎరగా గట్టున ఆముదం, శనగపచ్చ పురుగుకు బంతి వేసుకుంటే గుడ్లు ముందు అక్కడ పెడుతుంది. వాటిని ఏరి చంపాలి, వదిలేస్తే మనమే పెంచినట్టు. మిరప తోట చుట్టూ రెండు మూడు వరసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ దట్టంగా వేయాలి. నల్ల తామర పురుగుకు నీలం రంగు జిగురు అట్టలు పూత కంటే ముందే పెట్టాలి. దానికి వారం వారం మందు మార్చి మార్చి కొట్టిన తోటల్లో మిత్ర పురుగులు పోయి ఉధృతి ఇంకా పెరుగుతుంది.

క్వారీ దారుల పక్కన చేలున్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఆకు మీద దుమ్ము పేరుకుంటే నల్లిని తినే మిత్ర పురుగులు సరిగా తిరగలేవు, నల్లి పెరుగుతుంది. రోడ్డు వైపు వరసలు మొదట చూడండి. అక్కడ నల్లి ఉంటే ఆ వరసలకే మందు కొట్టుకోవచ్చు, తోటంతా అక్కర్లేదు.

చివరగా గులాబీ రంగు పురుగు. గుడ్డి పూలు కనబడితే తుంచి కాల్చాలి. లింగాకర్షక బుట్టలో వరసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మందు వేళ అయినట్టు. సాగర్ నీళ్లు ఉన్నాయి కదా అని ఇంకొక తీత కోసం చేనును ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచితే ఆ తీత మీకు దక్కేది తక్కువ, పురుగుకు దక్కేది ఎక్కువ. జనవరికల్లా చేను తీసేయాలి. కట్టెను వంటచెరకుగా ఇంటి దగ్గర పోగు వేసుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. అందులో మిగిలిన గుడ్డి కాయల్లోని గింజల మధ్య ఈ పురుగు నెలల తరబడి నిద్రపోయి, వచ్చే ఖరీఫ్ గూడ సమయానికి లేస్తుంది. పోగు వేసేముందు కట్టెకున్న కాయలన్నీ దులిపి తగలబెట్టండి.